వైద్యం చేసే కర్రలు

అనగనగా ఒక రాకుమారుడు. రాక్షసుడితో పోరాడి పోరాడి నేలకొరిగాడు. ఒళ్లంతా గాయాలు. ఊపిరి ఆగిపోయేటట్టున్నది. అంతలో ఒక ముసలి ముని అటుగా వచ్చి, తన చేతిలోని మంత్రదండం అతనికి తాకించాడు. మరుక్షణం గాయాలన్నీ మాయం! రాకుమారుడు నిద్ర లేచినవాడిలా లేచి కూచున్నాడు.

ఇలాంటి కథలు మీరు ఎన్నో చదివే వుంటారు. ఇప్పుడీ దండం కథల్లోనుంచి ఆటల్లోకి కూడా వచ్చింది. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే యిద్దరు "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అనే ఆటను ప్రచురించారు. బల్ల చుట్టూ కూచుని, తలా ఒక పాత్ర ధరించి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట అది. అందులో ప్రతి పాత్రకూ ఎంత ప్రాణం మిగిలి వున్నదో అంకెల్లో రాసుకుంటారు. కత్తి దెబ్బ తగిలితే అంకె తగ్గుతుంది. వైద్యదండం తాకిస్తే అంకె పెరుగుతుంది. 2014 నాటి నియమాల ప్రకారం ఆ దండంలో పది పాళ్ల శక్తి వుంటుంది. వాడినకొద్దీ తరిగిపోతుంది, తెల్లవారేసరికి కొంత మళ్లీ వూరుతుంది. ఈనాటి కంప్యూటర్ ఆటలలో మీరు చూసే వైద్యదండాలకు యిదే తాతముత్తాతల వరస.

సరే, ఆట ఆటే, కథ కథే. ఇంతకీ నిజంగా మనిషికి మేలు చేసే కర్ర లోకంలో ఎక్కడైనా వున్నదా?

వున్నది! ఒకటి కాదు, మూడున్నాయి. మూడింటిలోనూ మంత్రం లేదు. నాలుగో కర్ర ఒకటున్నది. దానికి మంత్రం వున్నది. కాని అది మనుషులను చంపుతున్నది. ఈ నాలుగు కర్రల సంగతీ వరసగా చూద్దాం.

తెనాలి చేసిన మంత్రదండాలు

ముందుగా ఒకసారి తెనాలి వెళ్లాలి. ఎందుకంటే, తెలుగు పిల్లల చేతికి మంత్రదండాలు అందించినది చాలావరకు ఆ వూరే!

"చందమామ" పత్రిక పేరు మీ తాతగారినడగండి, చెబుతారు. 1947 జూలైలో మద్రాసులో మొదలై, ఆరు దశాబ్దాలకు పైగా నడిచి ఆగిపోయింది. దాన్ని నాగిరెడ్డిగారితో కలిసి స్థాపించిన చక్రపాణి తెనాలివాడు. అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. 1952 నుంచి 1980 దాకా ఆ పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు కూడా తెనాలిలో పుట్టినవాడే. ఆయన కళాశాలలో చదివినది భౌతికశాస్త్రం! "తోకచుక్క" మొదలైన మాంత్రికుల సీరియల్సు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం కూడా తెనాలి ప్రాంతం మనిషే. 1951లో వచ్చిన "పాతాళ భైరవి" సినిమాను నిర్మించినవారు నాగిరెడ్డి, చక్రపాణి. అందులో చచ్చిపోయిన మాంత్రికుణ్ణి అతని శిష్యుడు సంజీవని మూలికతో బతికిస్తాడు.

ఇన్ని మాయలకు మూలపురుషుడైన చక్రపాణికి యవ్వనంలో జబ్బు చేసింది. అది క్షయ. 1930ల తొలి యేళ్ల మాట. ఆ రోజుల్లో క్షయ అంటే జనానికి గుండె జారిపోయేది. ఆ జబ్బు కలిగించే సూక్ష్మజీవిని జర్మనీ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్ 1882లోనే కనిపెట్టాడు. కాని దాన్ని చంపే మందు మాత్రం ఎవరి దగ్గరా లేదు. శత్రువెవరో తెలుసు, చేతిలో ఆయుధం లేదు!

చక్రపాణి మదనపల్లె శానిటోరియంలో చేరాడు. అక్కడి వైద్యమేమిటి? విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి, వైద్యుల కాపలా ముఖ్యమైనవి. మంచం మీద వున్న ఆ నెలల్లో చక్రపాణి వూరికే కూచోక బెంగాలీ భాష నేర్చుకున్నాడు. కోలుకొని బయటికి వచ్చాక శరత్ నవలలను తెలుగులోకి తెచ్చాడు. 1975 దాకా బతికి పత్రికలు, సినిమాలు నడిపాడు.

మరి ఆయనను నయం చేసినదెవరు? మందు కాదు, అప్పటికి మందే లేదు గదా. ఆయన ఒంట్లోని రక్షకదళమే క్షయ క్రిములను చుట్టుముట్టి బంధించింది. విశ్రాంతి, తిండి ఆ దళానికి వ్యవధి యిచ్చాయి. అయితే అందరికీ ఆ అదృష్టం పట్టలేదు. శానిటోరియంలో చేరి కూడా ప్రాణాలు పోగొట్టుకున్నవారు అనేకమంది.

అసలైన ఆయుధం 1943లో దొరికింది. అమెరికాలో సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ అనే విద్యార్థి మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి స్ట్రెప్టోమైసిన్ తీశాడు. తరువాత మరికొన్ని మందులు వచ్చాయి. 1956లో మద్రాసులో మొదలుపెట్టిన ఒక పరీక్ష లోకమంతటినీ ఆశ్చర్యపరిచింది. 193 మంది క్షయరోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టును శానిటోరియంలో వుంచారు, రెండో జట్టును ఇరుకు యిళ్లలోనే వుంచారు. యిద్దరికీ ఒకే మందులు యేడాదిపాటు యిచ్చారు. 1959లో ఫలితం ప్రకటించారు. ఇంట్లో వుండి మందు మింగినవారికి కూడా దాదాపు శానిటోరియంలోవారికి నయమైనంతగానూ నయమైంది!

ఈ పరీక్ష జరిపిన తీరు బాగా గుర్తు పెట్టుకోండి. ఒకే జబ్బు, రెండు జట్లు, ఒకే ఒక తేడా. ఈ వ్యాసం చివర దీనితో మనకు మళ్లీ పని పడుతుంది.

మొదటి కర్ర: పురుగును చుట్టే పుల్ల

ఆస్పత్రి గోడల మీద, మందుల దుకాణాల మీద పాము చుట్టుకున్న కర్ర బొమ్మ మీరు చూశారు గదా. ఆ కర్ర ప్రాచీన గ్రీకుల వైద్యదేవుడు అస్క్లీపియస్‌ది. ఆయన కర్రకు ఒకే పాము వుంటుంది, రెక్కలు వుండవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తులో వున్నది యిదే. రెండు పాములు, రెక్కలు వున్న దండం మరొకటున్నది. అది వార్తాహరుడూ వర్తకుల దేవుడూ అయిన హెర్మిస్‌ది. 1902లో అమెరికా సైన్యంలోని వైద్యవిభాగం ఈ రెండో బొమ్మను గుర్తుగా తీసుకున్నప్పటినుంచి రెండూ కలగాపులగమై పోయాయి. మీ వూళ్లోని బొమ్మలు ఏ రకమో ఈసారి పరీక్షగా చూడండి.

కర్రకు పాము ఎందుకు చుట్టుకున్నది? దీనికి కొందరు చెప్పే వూహ ఒకటున్నది. రుజువు కాలేదు గాని, చాలా తమాషా అయినది. అది పాము కాదట, పురుగట!

నారికురుపు అనే జబ్బు ఒకప్పుడు మన రాష్ట్రంలో కూడా వుండేది. చెరువుల్లో, దిగుడుబావుల్లో సైక్లాప్స్ అనే కంటికి ఆననంత చిన్న నీటిజీవి వుంటుంది. నారిపురుగు పిల్లలు దాని కడుపులో దాక్కుంటాయి. ఆ నీళ్లు వడకట్టకుండా తాగినవాడి ఒంట్లోకి అవి చేరుతాయి. యేడాదిపాటు ఏ బాధా తెలియదు. ఆ యేడాదిలో ఆడపురుగు సేమ్యా పోగంత సన్నగా, దాదాపు మీటరు పొడవు పెరుగుతుంది. అప్పుడు కాలి మీద బొబ్బ లేచి భగ్గున మండుతుంది. మంట చల్లారటానికి మనిషి కాలు నీళ్లలో పెడతాడు. సరిగ్గా పురుగుకు కావలసినది అదే! బొబ్బ పగిలి, పురుగు తల బయటపెట్టి, లక్షల పిల్లలను నీళ్లలోకి వదులుతుంది. మళ్లీ కథ మొదటికి వస్తుంది.

ఆ పురుగును పట్టి లాగితే తెగుతుంది. తెగితే లోపల మిగిలిన ముక్క వల్ల కాలు వాచి చీము పడుతుంది. అందుకని వేల యేళ్లుగా మనుషులు ఒక వుపాయం చేస్తున్నారు. బయటికి వచ్చిన కొసను చిన్న పుల్లకు చుట్టి, రోజుకు కొన్ని సెంటీమీటర్ల చొప్పున తిప్పుతూ వారాలపాటు బయటికి తీస్తారు. నేటికీ దీనికి వేరే మందు లేదు!

చూశారా, ఈ పుల్లలో మహిమేమీ లేదు. వున్నదల్లా ఓర్పు. కాని ఈ పుల్ల కంటె గొప్పది మరొకటున్నది. అది గుడ్డముక్క. నీళ్లను సన్నని గుడ్డతో వడకడితే సైక్లాప్స్ పైనే ఆగిపోతుంది. పుండు వున్నవాళ్లను చెరువులో దిగనివ్వకపోతే పురుగు వంశమే ఆగిపోతుంది. 1980లలో మన దేశం ఈ పని పట్టుదలగా మొదలుపెట్టింది. దిగుడుబావుల బదులు చేతిపంపులు వచ్చాయి. 1996లో రాజస్థాన్‌లో ఆఖరి రోగి కనిపించాడు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని నారికురుపు లేని దేశంగా ప్రకటించింది. 1986లో ప్రపంచంలో సుమారు 35 లక్షల మందికి వుండిన ఈ జబ్బు, 2024లో 15 మందికి మాత్రమే వచ్చింది. ఏ మంత్రదండమైనా ఇంత పని చేసిందా?

రెండవ కర్ర: విరిగిన ఎముకకు బద్ద

చెట్టెక్కి పడి చెయ్యి విరగగొట్టుకున్న మిత్రుడు మీ తరగతిలో ఒకడైనా వుంటాడు. ఎముక విరిగితే ఒళ్లేం చేస్తుందో తెలుసా?

విరిగినచోట రక్తం కారి గడ్డ కడుతుంది. ఆ గడ్డలోకి కొత్త కణాలు వచ్చి చేరతాయి. రెండు మూడు వారాలలో విరిగిన కొసల మధ్య మెత్తని వంతెనలాంటిది ఏర్పడుతుంది. తరువాత దానిలో సున్నపు లవణాలు చేరి గట్టిపడుతుంది. అటుపైన నెలల తరబడి శరీరం శిల్పిలాగా ఎక్కువైనచోట చెక్కి, తక్కువైనచోట నింపి, ఎముకను పాత రూపానికి తెస్తుంది. మామూలుగా 6 నుంచి 12 వారాలలో ఎముక అతుకుతుంది. పిల్లలకు ఇంకా త్వరగా అతుకుతుంది.

అంటే ఎముకను అతికించేది వైద్యుడు కాదు, బద్ద కాదు, ఎముకే! అయితే ఒక షరతు. కొసలు రెండూ సరిగ్గా ఎదురెదురుగా వుండాలి, కదలకుండా వుండాలి. కొత్తగా పోసిన గచ్చు మీద ఎవరైనా నడిస్తే ఏమవుతుంది? ఇదీ అంతే. బద్ద చేసే పని కదలకుండా పట్టుకోవటమే.

ఈ రహస్యం మనుషులకు ఏనాడో తెలుసు. ఈజిప్టులో దాదాపు 4500 యేళ్ల నాటి సమాధులలో విరిగిన ఎముకలకు కట్టిన కర్రబద్దలు దొరికాయి. మన సుశ్రుత సంహితలో మేడి, రావి, వెదురు మొదలైనవాటితో బద్దలు కట్టాలని వున్నది. మన చిత్తూరు ప్రాంతపు పుత్తూరు కట్టు పేరు మీరు వినే వుంటారు. అందులోనూ ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురుబద్దలు వుంటాయి. ఆస్పత్రిలో వేసే సిమెంటు కట్టులాంటి తెల్లని కట్టు కూడా అదే సూత్రం మీద పనిచేస్తుంది.

కాని ఇక్కడొక ప్రమాదం వున్నది. విరిగిన చెయ్యి మొదటి రోజుల్లో వాస్తుంది. కట్టు బిగువైతే రక్తం ఆడక వేళ్లు చల్లబడి, నీలంగా మారి, తిమ్మిరెక్కుతాయి. అప్పటికైనా కట్టు వదులు చేయించకపోతే చెయ్యి కుళ్లిపోయి తీసివేయవలసి వస్తుంది. ఎముక ఎలా విరిగిందో ఎక్స్-రే లేకుండా చేతి తడుముడుతో తెలియదు. కనుక ఎవరు కట్టు కట్టినా ముందు ఎక్స్-రే తీయించాలి, తరువాత వేళ్ల రంగు చూస్తూ వుండాలి. బద్ద మంచిదే, బద్దకు పూజ చేయటం మంచిది కాదు.

మూడవ కర్ర: తాతగారి చేతికర్ర

ఇప్పుడు మీ యింట్లోని కర్ర దగ్గరికే వద్దాం. మీ తాతగారికి కుడి తుంటి నొప్పి అనుకోండి. చేతికర్ర ఏ చేత్తో పట్టుకోవాలి?

"ఇంకేముంది, కుడిచేత్తోనే!" అంటారు మీరు. తప్పు. ఎడమచేత్తో పట్టుకోవాలి! ఎందుకో లెక్క వేద్దాం. ఇది మీరు పాఠంలో చదివిన తులాదండం లెక్కే.

తాతగారి బరువు 60 కిలోలు అనుకుందాం. నడిచేటప్పుడు ఒక కాలు గాలిలో వుంటుంది గదా. కుడికాలి మీద నిలబడిన క్షణంలో, ఆ కాలి బరువు పోను సుమారు 50 కిలోలు కుడి తుంటి మీద పడతాయి. కాని ఆ బరువు సరిగ్గా కీలు మీద పడదు. ఒంటి నడిమి గీత కీలుకు దాదాపు 10 సెంటీమీటర్లు ఎడంగా వుంటుంది. అందువల్ల నడుము ఎడమవైపుకు ఒరిగిపోవాలి. ఒరగకుండా తుంటి పక్కనున్న కండరాలు అటు పక్క నుంచి లాగి పట్టుకుంటాయి. అవి కీలుకు 5 సెంటీమీటర్ల దూరంలోనే వున్నాయి. దూరం సగమైతే బలం రెట్టింపు కావాలి:

50 × 10 = కండరబలం × 5. కండరబలం = 100 కిలోలు.

ఇక కీలు మీద పడే మొత్తం ఎంత? పైబరువు 50, కండరం లాగుడు 100. మొత్తం 150 కిలోలు! అరవై కిలోల మనిషి అడుగు తీసి అడుగు వేస్తుంటే తుంటి కీలు మోస్తున్నది నూట యాభై కిలోలు.

ఇప్పుడు తాతగారు ఎడమచేత్తో కర్ర పట్టుకొని నేల మీద 5 కిలోల బలంతో మాత్రమే నొక్కారనుకుందాం. కర్ర కుడి కీలుకు 40 సెంటీమీటర్ల దూరంలో వున్నది. నేల కర్రను 5 కిలోల బలంతో పైకి నెడుతుంది. అది నడుమును ఎడమవైపు నుంచి పైకెత్తుతుంది:

50 × 10 – 5 × 40 = కండరబలం × 5. అంటే 300 = కండరబలం × 5. కండరబలం = 60 కిలోలు.

కీలు మీద పడేది 50 + 60 – 5 = 105 కిలోలు. అయిదు కిలోలు నొక్కితే నలభై అయిదు కిలోలు తగ్గాయి! నిజమైన తుంటిలో కండరాలు ఏటవాలుగా వుంటాయి, కాబట్టి అంకెలు కొంచెం మారతాయి. కాని సూత్రం మాత్రం యిదే. ఏతాంతో నీళ్లు తోడేవాడికి, కాటా పట్టుకున్న కొట్టువాడికి తెలిసిన సూత్రమే. దూరాన నిలబడినవాడి చిన్న బలం, దగ్గరున్నవాడి పెద్ద బలంతో సమానం.

అదే కర్రను నొప్పివున్న కుడివైపు పట్టుకుంటే? ఎడమకు ఒరిగే నడుమును ఎడమ నుంచి ఎత్తే వీలుండదు. ఈ లాభమంతా పోతుంది. తాతగారు ఒళ్లంతా కర్ర మీదికి వంచి నడవవలసి వస్తుంది.

మరో సంగతి. కర్ర పొడవు ఎంత వుండాలి? చెప్పులు తొడుక్కుని చేతులు వేలాడవేసి నిలబడితే, మణికట్టు మడత ఎంత ఎత్తున వున్నదో కర్ర పిడి అంత ఎత్తున వుండాలి. కొసకు రబ్బరు బిళ్ల వుండాలి, అది అరిగితే మార్చాలి. తడి గచ్చు మీద జారే కర్ర ఊతం కాదు, ఉచ్చు.

కర్ర పట్టుకోవటం నామోషీ అని చాలామంది పెద్దలు అనుకుంటారు. 1956లో వాల్టర్ బ్లౌంట్ అనే అమెరికా ఎముకల వైద్యుడు వైద్యపత్రికలో ఒక వ్యాసం రాశాడు. దాని పేరు "చేతికర్రను పారెయ్యకండి" అని. మీ తాతగారికి ఈ లెక్క వేసి చూపించండి. లెక్క నచ్చితే నామోషీ పోతుంది.

నాలుగవ కర్ర: పాము మంత్రం వేసే కర్ర

తెనాలి నుంచి రేపల్లె, బాపట్ల దాకా అంతా వరిపొలాలు. వరి వున్నచోట ఎలుకలు, ఎలుకలున్నచోట పాములు. ఆ వైపు పల్లెలలోనే కాదు, మన దేశంలో ఎక్కడైనా పొలాల్లో తిరిగేవారికి పాముకాటు భయం తప్పదు. పాము కరిస్తే మంత్రగాడి దగ్గరికి మోసుకుపోవటం పాత అలవాటు. ఆయన ఒక కర్రతోనో, వేపమండతోనో తల నుంచి కాలి దాకా విషం "దించుతాడు". కొందరు నిజంగానే లేచి యింటికి నడిచి వెళతారు! చూసినవాళ్లు ఊరంతా చెబుతారు. మరి వాళ్లు అబద్ధాలాడుతున్నారా?

లేదు. వాళ్లు చూసినది నిజమే. అర్థం చేసుకున్నది తప్పు. ఎలాగంటే, మన దేశంలోని పాములలో ఎక్కువ జాతులకు మనిషిని చంపేటంత విషం లేదు. నీరుకట్టె కరిచినా, జెర్రిపోతు కరిచినా ఏమీ కాదు. విషం వున్న పాము కరిచినా కొన్నిసార్లు విషం వదలదు, ఉత్త కోరలు గుచ్చి పోతుంది.

లెక్క కోసం ఊరికే అనుకుందాం. వంద మందిని పాములు కరిచాయి. వారిలో ఎనభై మంది ఒంట్లోకి విషమే పోలేదు. వంద మందీ మంత్రగాడి దగ్గరికే వెళ్లారు. ఎనభై మంది బతికారు. మంత్రగాడికి నూటికి ఎనభై మార్కులు! కాని ఆ ఎనభై మంది యింట్లో కూచున్నా బతికేవారే. అసలు పరీక్ష మిగిలిన యిరవై మందికి. వారి సంగతి ఎవరు లెక్కపెట్టారు? చనిపోయినవాడు సంతకు వచ్చి సాక్ష్యం చెప్పడు గదా. "ఆలస్యంగా తెచ్చారు, లేకుంటే బతికేవాడే" అనే మాట ఎప్పుడూ సిద్ధంగా వుంటుంది.

మద్రాసు క్షయ పరీక్ష గుర్తున్నదా? ఒకే జబ్బు, రెండు జట్లు, ఒకే తేడా. మంత్రం వేసినవారినీ వేయనివారినీ అలా పక్కపక్కన పెట్టి లెక్కించకుండా, "నయమైంది" అన్న మాటకు విలువ లేదు.

ఇక విషం ఎక్కిన ఆ యిరవై మంది సంగతి చూద్దాం. మన దేశంలో ఎక్కువ ప్రాణాలు తీసేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. నాగుపాము, కట్లపాముల విషం నరాలకూ కండరాలకూ మధ్య వార్తలను ఆపేస్తుంది. ముందు కనురెప్పలు వాలిపోతాయి, తరువాత మాట ముద్దగా వస్తుంది, చివరకు ఊపిరి ఆడించే కండరాలు పనిచేయవు. కట్లపాము రాత్రిళ్లు నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. ఆ కాటుకు పెద్దగా నొప్పి కూడా వుండదు. పింజరల విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని పోగొడుతుంది. ఆస్పత్రిలో వైద్యులు దీన్ని చాలా సులభంగా పరీక్షిస్తారు. కొంచెం రక్తం శుభ్రమైన పొడి గాజుగొట్టంలో తీసి, కదపకుండా 20 నిమిషాలు వుంచి, వంచి చూస్తారు. గడ్డకట్టక నీళ్లలా జారితే విషం ఎక్కినట్టే!

క్షయకు చక్రపాణి ఒళ్లు నెలల తరబడి పోరాడింది. ఎముకకు వారాల వ్యవధి వున్నది. పాము విషానికి మాత్రం గంటలే. ఒంటికి సొంతంగా మందు తయారుచేసుకునే వ్యవధి వుండదు. అందుకని ఆ మందును ముందే వేరొకరి ఒంట్లో తయారుచేయించి వుంచుతారు. ఎవరి ఒంట్లో? గుర్రం ఒంట్లో! గుర్రానికి మొదట చాలా కొద్దిగా, తరువాత క్రమంగా ఎక్కువగా విషం ఎక్కిస్తారు. దాని రక్తంలో విషానికి విరుగుడు పుడుతుంది. ఆ రక్తం కొంత తీసి, విరుగుడును వేరుచేసి, శుద్ధిచేసి సీసాల్లో నింపుతారు. 1895 ప్రాంతాన ఫ్రాన్స్ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ కాల్మెట్ ఈ పద్ధతికి దారి చూపాడు. మన దేశంలో వాడే మందు పైన చెప్పిన నాలుగు పాములకూ విరుగుడు. ఆ మందు తయారీకి కావలసిన విషంలో చాలా భాగం తమిళనాడులో 1978లో ఇరుళ జాతివారు స్థాపించుకున్న పాములు పట్టేవారి సహకార సంఘం నుంచి వస్తున్నది. పామును చంపకుండా విషం పిండి మళ్లీ వదిలేస్తారు. చేతిలో వున్నది కర్రే. కాని ఆ కర్ర వెనక వున్నది మంత్రం కాదు, విద్య.

ఇంత మందు వుండగా మనవాళ్లు ఎంతమంది చనిపోతున్నారో తెలుసా? 2000 నుంచి 2019 దాకా మన దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో మరణించారని 2020లో శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు. అంటే యేడాదికి సుమారు 58 వేలు. అందులో నూటికి డెబ్భై మరణాలు ఎనిమిది రాష్ట్రాలలోనే జరిగాయి. వాటిలో మన తెలుగు ప్రాంతం కూడా వున్నది. చనిపోయినవారిలో ఎక్కువమంది పల్లెవాసులు, ఆస్పత్రి చేరకముందే పోయినవారు. మంత్రదండం విషం ఎక్కించలేదు. కాని అది కాలాన్ని దొంగిలించింది.

ఆ రోజు మీరేం చేయాలి?

ఒక సాయంత్రం మీ యింట్లో ఎవరికో పాము కరిచిందనుకోండి. ఇంట్లో అంతా హడావిడి. ఒకరు మంత్రగాడంటారు, ఒకరు పసరంటారు. ఆ గుంపులో సైన్సు చదివినవారు మీరొక్కరే కావచ్చు. అప్పుడు మీకు ఈ కింది మాటలు నోటికి రావాలి.

కరిచినవారిని పడుకోబెట్టి ధైర్యం చెప్పండి. నడవనివ్వకండి. నడిస్తే విషం త్వరగా పాకుతుంది. ఉంగరాలు, గాజులు, కడియాలు, పట్టీలు తీసేయండి. వాపు వస్తే అవి బిగుసుకుంటాయి. కరిచిన కాలినో చేతినో ఒక కర్రబద్దకు ఆనించి, గుడ్డతో వదులుగా కట్టి కదలకుండా వుంచండి. చూశారా, మన రెండో కర్ర యిక్కడ మళ్లీ పనికి వచ్చింది! కత్తితో కోయవద్దు, నోటితో పీల్చవద్దు, తాడుతో బిగించి కట్టవద్దు, పసర్లు తాగించవద్దు. పామును పట్టుకోవటానికి గాని చంపటానికి గాని పోవద్దు, రెండో కాటు తగలగలదు. 108కి ఫోను చేయండి, లేదా దొరికిన బండిలో విషానికి విరుగుడు వున్న ఆస్పత్రికి వెంటనే చేర్చండి. మీ వూరికి దగ్గరలో అలాంటి ఆస్పత్రి ఏదో ఈ రోజే కనుక్కొని గోడ మీద రాసి పెట్టుకోండి.

చేసి చూడండి

ఒక గుండ్రని పెన్సిలు బల్ల మీద పెట్టి, కదలకుండా రెండు పక్కలా మైనం అంటించండి. 30 సెంటీమీటర్ల స్కేలును సరిగ్గా మధ్యకు పెన్సిలు వచ్చేటట్టు పైన పెట్టండి. ఎడమవైపు మధ్య నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో అయిదు రూపాయి బిళ్లలు దొంతరగా పెట్టండి. ఇది ఒంటి బరువు. కుడివైపు 5 సెంటీమీటర్ల దూరంలో అవే రకం బిళ్లలు పది పెట్టండి. ఇది కండరం. స్కేలు సమంగా నిలుస్తుంది. ఇప్పుడు కండరం వైపు నుంచి నాలుగు బిళ్లలు తీసేయండి. స్కేలు ఎడమకు ఒరుగుతుంది. ఎడమ చివర కింద వేలికొనతో మెల్లగా పైకెత్తండి. రెండు బిళ్లల బరువంత బలమైనా అక్కర లేకుండానే స్కేలు మళ్లీ సమమవుతుంది. ఆ వేలికొనే తాతగారి చేతికర్ర!

కథల్లో మంత్రదండం తాకగానే గాయం మానుతుంది. ఆ కథలు చదవండి, ఆ ఆటలు ఆడండి, తప్పులేదు. మన తెనాలివారు అంత అందంగా అలాంటి కథలు అందించారంటే, కథ కథేనని వారికి బాగా తెలుసు గనకనే. చక్రపాణికి జబ్బు చేసినప్పుడు ఆయన వెళ్లినది మాంత్రికుడి గుహకు కాదు, మదనపల్లె ఆస్పత్రికి.